బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా? నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. 2019 నవంబర్‌లో స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయాన్ని చాలావరకు కోసి తీసేసేది) చేయించుకున్నాను. అప్పటికి నా వయసు 41, బరువు 108 కిలోలు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అడిగేవి ఎప్పుడూ ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాను. చదివినవీ, డాక్టర్లను విసిగించి తెలుసుకున్నవీ, ఒంటి మీదకి వచ్చినవీ రాస్తున్నాను. మీకేది సరిపోతుందో మీ రిపోర్టులు చూసిన డాక్టరే చెప్పాలి.

ఎంత బరువుంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలి?

ఒట్టి కిలోలు చూసి చెప్పలేం, ఎత్తు కూడా కావాలి. మీ బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి భాగించండి, వచ్చినదాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగించండి. నా ఎత్తు 1.58 మీటర్లు. 108ని 1.58తో భాగిస్తే 68.35, దాన్ని మరోసారి భాగిస్తే 43.3. ఇదే బీఎంఐ.

1991లో అమెరికాలో నిపుణులు ఒక గీత గీశారు. బీఎంఐ 40 ఉంటే, లేదా 35 ఉండి షుగర్, బీపీ లాంటి జబ్బులు కూడా ఉంటే ఆపరేషన్ చేయొచ్చన్నారు. ముప్పై ఏళ్లపాటు ప్రపంచంలో చాలాచోట్ల దాన్నే పట్టుకున్నారు. 2022లో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి ఆ గీతను కిందికి జరిపాయి. 35 ఉంటే జబ్బులు లేకపోయినా సరే, 30 దాటి షుగర్ లాంటిది ఉంటే ఆలోచించవచ్చు అన్నాయి. ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే పరిశీలించమన్నాయి. మనకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, షుగర్ కూడా తొందరగా వస్తుంది. అందుకే ఆ తేడా. మన దేశంలో చాలామంది సర్జన్లు 37.5, జబ్బులుంటే 32.5 అనే లెక్క పాటిస్తూ వచ్చారు.

గీత దాటారంటే అర్హత వచ్చిందని మాత్రమే. అవసరం ఉందా అన్నది వేరే లెక్క. మా స్కూల్లో ఒక టీచర్ చెల్లెలు పెళ్లిచూపుల్లోపు తగ్గాలని నన్ను అడిగింది. బీఎంఐ 29, షుగర్ లేదు, బీపీ లేదు, మోకాళ్లు బాగున్నాయి. వద్దమ్మా అన్నాను. నాకు నాలుగేళ్ల షుగర్ ఉండేది, రాత్రిళ్లు గురకలో ఊపిరి ఆగిపోయేది, రెండో అంతస్తులో క్లాసు ఉందంటే ఆ రోజంతా టెన్షన్. నా పరిస్థితీ ఆ అమ్మాయి పరిస్థితీ ఒకటి కాదు.

నోరు కట్టుకుంటే సరిపోదా?

ఈ ప్రశ్న అడిగేది రోగులు కాదు, వాళ్ల బంధువులు. మా పెద్దత్తయ్య నా ముఖం మీదే అడిగారు: "ఏమ్మా, నోరు కట్టుకోలేకపోయావా, కడుపు కోయించుకున్నావ్?"

కట్టుకున్నాను అత్తయ్యా, పదిహేనేళ్లలో ఆరుసార్లు. ఒకసారి 14 కిలోలు తగ్గి 17 పెరిగాను. బరువు తగ్గగానే శరీరం కరువొచ్చిందనుకుని ఆకలి పుట్టించే హార్మోన్లను పెంచుతుంది, ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. ఇది బద్ధకమో బలహీనతో కాదు. బాగా లావైపోయినవాళ్లు ఆహారం, నడకలతో మాత్రమే ఎక్కువ బరువు తగ్గి, దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం అరుదు. అలాగని ప్రయత్నమే చేయకుండా ఆపరేషన్‌కు వెళ్లడం కూడా సరికాదు. ఆపరేషన్ తర్వాత బతకాల్సింది ఆ తిండి, ఆ నడకతోనే. ముందు ఆరు నెలలు అలవాటు చేసుకున్నవాళ్లకు తర్వాత తేలికవుతుంది.

థైరాయిడ్ చూపించుకోకుండా, స్టెరాయిడ్ మందులు వాడుతున్న సంగతి చెప్పకుండా నేరుగా సర్జన్ దగ్గరికి వెళ్లినవాళ్లనూ చూశాను. లావుకు కారణం వేరే ఉందేమో ముందు తేల్చుకోండి.

ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, కోత ఎందుకు?

నన్ను ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. మొదటిదాంట్లో ఉండేది టిర్జెపటైడ్, రెండోదాంట్లో సెమాగ్లూటైడ్. వారానికొక ఇంజెక్షన్. తిన్న తర్వాత పేగుల్లో పుట్టే హార్మోన్లలాగే ఇవి పనిచేసి ఆకలి తగ్గిస్తాయి, కడుపు నిండిందన్న భావన కలిగిస్తాయి.

బాగానే పనిచేస్తాయి. పెద్ద పరిశోధనల్లో సెమాగ్లూటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. టిర్జెపటైడ్ పెద్ద డోసు వాడినవాళ్లు 72 వారాల్లో 20 శాతం దాకా తగ్గారు. స్లీవ్, బైపాస్ (గుండెది కాదు, ఇదీ కడుపుకు చేసేదే) ఆపరేషన్లతో ఒకటి రెండేళ్లలో తగ్గేది 25 నుంచి 30 శాతం. 108 కిలోల మనిషికి 15 శాతమంటే 16 కిలోలు, 30 శాతమంటే 32 కిలోలు.

మందు ఆపితే సంగతేంటి? సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసిందని ఆ పరిశోధనలోనే తేలింది. కాబట్టి బీపీ మాత్రలాగే దీన్నీ ఏళ్ల తరబడి వాడాలి. నెలనెలా ఆ ఖర్చు పెట్టుకోగలరా అని లెక్క వేసుకోండి.

నా అభిప్రాయం అడిగితే ఇలా చెప్తాను. బీఎంఐ 30, 32 ఉండి, ఖర్చు భరించగలిగితే, ముందు ఇంజెక్షన్ గురించి మంచి డాక్టర్‌తో మాట్లాడండి. 40 దాటి, షుగరూ గురకా మోకాళ్లూ అన్నీ కలిసి పీడిస్తుంటే ఆపరేషన్‌దే ఇప్పటికీ పైచేయి. రెండూ శత్రువులేం కాదు. ఆపరేషన్ తర్వాత మళ్ళీ పెరిగినవాళ్లకు డాక్టర్లు ఇవే ఇంజెక్షన్లు రాస్తున్నారు. ఒక్క జాగ్రత్త: ఇంజెక్షన్ వాడుతూ ఏ ఆపరేషన్‌కైనా వెళ్తుంటే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. ఈ మందు వల్ల తిన్నది చాలాసేపు కడుపులోనే ఉండిపోతుంది, మత్తులో ఉన్నప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

స్లీవ్ మంచిదా, బైపాస్ మంచిదా?

స్లీవ్ అంటే జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, అరటికాయంత సన్నటి గొట్టంగా మిగల్చడం. తీసింది తీసిందే, తిరిగి రాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి ఏడాది ఆకలంటే ఏమిటో మరిచిపోతాం.

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచి చేసి, చిన్నపేగును కత్తిరించి దానికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తప్పించుకుని పోతుంది. షుగర్ మీద దీని ప్రభావం కొంచెం ఎక్కువ. విటమిన్ల లోపం కూడా ఎక్కువే. మినీ బైపాస్ అని ఇంకొకటుంది, అందులో పేగును కలిపేది ఒక్కచోటే.

ఎంచుకునే ముందు ఒక్క విషయం గట్టిగా చూసుకోండి: మీకు ఎసిడిటీ ఉందా? పుల్లటి తేన్పులు, పడుకుంటే గొంతులోకి మంట ఎగదన్నడం? స్లీవ్ తర్వాత ఇది కొందరిలో పెరుగుతుంది, లేనివాళ్లకు కొత్తగా కూడా వస్తుంది. బైపాస్‌తో మామూలుగా తగ్గుతుంది. నాకు ముందే ఉండేది. ఎండోస్కోపీ చూసి మా సర్జన్ బైపాస్ అయితే మంచిదన్నారు. "పేగుల జోలికి వద్దండీ" అని నేనే పట్టుబట్టి స్లీవ్ చేయించుకున్నాను. ఇప్పుడు రెండు దిండ్లు వేసుకుని పడుకుంటాను, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర. ఆయన మాట పెడచెవిన పెట్టింది నేనే, ఎవరినీ అనడానికి లేదు.

బెలూన్, లైపోసక్షన్ తేలిక కదా?

బెలూన్ కొన్ని నెలలపాటు కడుపులో పెట్టి తీసేసేది. తీశాక చాలామంది మళ్ళీ పెరుగుతారు. లైపోసక్షన్ చర్మం కింద కొవ్వు లాగేసి ఆకారం సరిచేయడానికి. షుగర్‌కీ బీపీకీ అది మందు కాదు.

ఆపరేషన్ చేయించుకుంటే షుగర్ పోతుందా?

"పోతుంది" అని బోర్డు పెట్టిన చోట జాగ్రత్తగా ఉండండి. "అదుపులోకి వస్తుంది, కొందరికి మందులు లేకుండానే" అంటే అది నిజం.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మంది షుగర్ రోగుల మీద పరిశోధన చేశారు. మూడు నెలల సగటు షుగర్ 6 శాతం లేదా అంతకంటే తక్కువకు రావాలన్నది లక్ష్యం. అయిదేళ్ల తర్వాత చూస్తే బైపాస్ వాళ్లలో 29 శాతం, స్లీవ్ వాళ్లలో 23 శాతం మంది ఆ గీత కింద ఉన్నారు. మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. మందులతో పోలిస్తే చాలా మెరుగే. కానీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఆ గీతను అందుకోలేదన్నది కూడా చూడండి. స్వీడన్‌లో 1987లో మొదలై వేలమందిని ఏళ్ల తరబడి చూసిన మరో పరిశోధనలో, రెండేళ్లకు 72 శాతం మందికి షుగర్ మాయమైంది. పదేళ్లకు వచ్చేసరికి అది 36 శాతానికి తగ్గింది.

షుగర్ వచ్చి తక్కువ ఏళ్లైనవాళ్లకు, ఇన్సులిన్ దాకా పోనివాళ్లకు ఫలితం బాగుంటుంది. ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే శక్తి పెద్దగా మిగిలి ఉండదు. నాకు ఆపరేషన్‌కు ముందు ఆ మూడు నెలల సగటు 8.9 ఉండేది, రెండు మాత్రలతో. ఏడాదికి మాత్రలేవీ లేకుండా 5.9. ఇప్పుడు ఒక చిన్న మాత్రతో 6.4. ఓడిపోయానా గెలిచానా అంటే, కళ్లు, కిడ్నీలు బాగున్నాయి కాబట్టి గెలిచాననే అనుకుంటాను.

ఆపరేషన్ అయిన కొన్ని రోజులకే, బరువు పెద్దగా తగ్గకముందే, షుగర్ పడిపోవచ్చు. పాత డోసు ఇన్సులిన్ అలాగే వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు. మందు ఎంతకి తగ్గించాలో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి.

ప్రాణానికి ప్రమాదం ఎంత?

అనుభవమున్న చోట చేసినప్పుడు నెల రోజుల్లో చనిపోయే అవకాశం దాదాపు వెయ్యికి ఒకరు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌తో పోల్చదగ్గ స్థాయి ఇది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, బీఎంఐ 50, 60 ఉన్నవాళ్లకు పెరుగుతుంది.

భయపడాల్సినవి రెండు. ఒకటి, కుట్టు వేసిన చోట లీక్ కావడం. రెండోది, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. నర్సులు ఆ సాయంత్రమే లేపి నడిపించేది ఈ రెండోదానికే. నొప్పిగా ఉందని నేను విసుక్కుంటే నర్సమ్మ వినలేదు, సెలైన్ స్టాండ్ పట్టించి కారిడార్ అంతా తిప్పింది. ఇంటికొచ్చాక జ్వరం, గుండె దడ, కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఇందులో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. గ్యాస్ అని సోడా తాగి పడుకోకూడదు.

తొందరగా తగ్గేటప్పుడు గాల్‌బ్లాడర్‌లో రాళ్లు రావడం కూడా మామూలే. అందుకని కొందరికి ఆరు నెలలపాటు మాత్ర ఇస్తారు.

ఎన్ని కిలోలు తగ్గుతాను? మళ్ళీ పెరగనా?

నా లెక్క: 108 నుంచి ఏడాదిన్నరలో 75. ఇప్పుడు 82. చాలామందికి రెండో ఏడాది తర్వాత కొంత తిరిగి వస్తుంది. కొందరికి బాగా ఎక్కువే వస్తుంది. సాగిన కడుపు కంటే జారిపోయే తిండి ఎక్కువ దెబ్బతీస్తుంది. అన్నం ముద్ద దిగదు కానీ ఐస్‌క్రీమ్ దిగుతుంది, చేగోడీలు ఒక్కొక్కటిగా గంటసేపు నమిలితే దిగుతాయి, తీపి కాఫీ ఎన్నిసార్లైనా దిగుతుంది. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు చెప్తూ పక్కన మిక్చర్ డబ్బా పెట్టుకున్నాను. ఏడు కిలోల్లో సగం దాని చలవే.

ఇక జీవితాంతం అన్నం తినకూడదా?

తినొచ్చు. అయితే అన్నం చివరికి పోతుంది. ముందు పప్పు, గుడ్డు, చేప, పనీర్, ఆ తర్వాత కూర, చోటుంటే అన్నం. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలని చెప్తారు. శాకాహారులకు ఇది నిజంగా కష్టం. మజ్జిగ, పెసరట్టు, ఉడికించిన శనగలు, మీల్‌మేకర్ అన్నీ కలిపినా మొదటి నెలల్లో పౌడర్ లేకుండా లెక్క కుదరదు.

మొదటి వారాలు ఎలా ఉంటాయో చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. ఆపరేషన్‌కు ముందే రెండు వారాలు లివర్ చిన్నబడేందుకు తక్కువ కేలరీల తిండి. తర్వాత రెండు వారాలు ద్రవాలు మాత్రమే. మా ఇంట్లో దగ్గు సిరప్ సీసా మీద ఉండే ప్లాస్టిక్ మూత ఒకటి దొరికింది, 15 మిల్లీలీటర్లు పడుతుంది. వడకట్టిన పప్పుకట్టు, పలచటి మజ్జిగ దాంతోనే, పది నిమిషాలకొక మూత. మూడు మూతలు వెంటవెంటనే తాగితే ఛాతీలో ఇటుక పెట్టినట్టు ఉండేది. తర్వాత మెత్తగా చేసినవి, ఆపైన మెత్తటివి. మొదటిసారి ఇడ్లీ తిన్నప్పుడు సగం ముక్కకు ఇరవై నిమిషాలు పట్టింది. మావారు పక్కన కూర్చుని గడియారం చూశారు. మామూలు తిండికి వచ్చేసరికి దాదాపు రెండు నెలలు.

తింటూ నీళ్లు తాగకూడదు. మన ఇళ్లలో ఇదొక్కటి అలవాటు కావడానికి ఏడాది పడుతుంది. చెంబు కంచం పక్కన కాకుండా వేరే గదిలో పెట్టుకున్నాను.

తీపి సంగతి. వరలక్ష్మీవ్రతం రోజు ఒకటిన్నర పూర్ణంబూరె తిన్నాను. పావుగంటలో గుండె దడ, చెమటలు, కడుపులో మెలితిప్పు. అరగంట చాప మీద పడుకుంటే తగ్గింది. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లకు ఎక్కువ, స్లీవ్ వాళ్లకూ రావచ్చు.

పెళ్లిళ్లలో బఫే అయితే హాయి. బంతి భోజనాలంటేనే భయం. వడ్డించేవాళ్లు ఆగరు, ఆకులో వదిలేస్తే పెళ్లివారు నొచ్చుకుంటారు. నేను మావారి పక్కనే కూర్చుంటాను, నా గారెలు ఆయన ఆకులోకి పోతాయి. నవ్వులాటగా చెప్తున్నా కానీ, మీ ఇంట్లో ప్రేమంటే కొసరి కొసరి వడ్డించడమే అయితే ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి.

మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి?

బతికినన్నాళ్లూ. మల్టీవిటమిన్, కాల్షియం, విటమిన్ డి, బీ12, చాలామంది ఆడవాళ్లకు ఐరన్ కూడా. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోకూడదు, రెండు గంటల తేడా ఉండాలి. ఏడాదికోసారి రక్తపరీక్షలు తప్పవు. బాగానే ఉన్నాను కదా అని మూడో ఏడు మానేసేవాళ్లే ఎక్కువ. బీ12 తగ్గితే అరికాళ్లలో తిమ్మిర్లతో మొదలై నరాలు శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులవుతుంటే బీ1 విటమిన్ అడుగంటిపోతుంది. కళ్లు మసకబారడం, నడక తూలడం, తికమకపడటం దాని లక్షణాలు. అప్పుడు ఒట్టి గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఇంకా చెడుతుంది, ముందు బీ1 ఇవ్వాలి. ఊళ్లో ఎక్కడ చూపించుకున్నా "నాకు ఈ ఆపరేషన్ అయింది" అని మొదటే చెప్పండి.

మెడికల్ షాపులో ఒళ్లునొప్పులకు అడిగితే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు కడుపులో పుండ్లు పడొచ్చు. సిగరెట్‌తో కూడా అంతే.

జుట్టు ఊడుతుందట, చర్మం వేలాడుతుందట?

ఊడుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా దువ్వెన చూస్తే ఏడుపొస్తుంది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్ళీ వస్తుంది. చర్మం మాత్రం చేతుల దగ్గర, పొట్ట దగ్గర వేలాడుతుంది, వ్యాయామంతో పూర్తిగా పోదు. నేను పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను.

పెళ్లి కావాల్సిన అమ్మాయి, పిల్లలు కావాలనుకునేవాళ్లు చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కానీ ఆ తర్వాత 12 నుంచి 18 నెలలదాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు కడుపులో బిడ్డకు పోషణ చాలదు. బరువు తగ్గగానే పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నవాళ్లకు నెలసరి గాడిన పడుతుంది, ఏళ్లుగా రానిది అనుకోకుండా గర్భం వస్తుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు, కాబట్టి వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగండి.

పెళ్లి సంబంధాల వాళ్లకు చెప్పాలా అని ఒక తల్లి అడిగింది. చెప్పాలనే అన్నాను. రోజూ అన్ని మాత్రలు, అంత చిన్న కంచం ఎన్నాళ్లు దాచగలదు ఆ పిల్ల?

మందు తాగే అలవాటుంటే?

మగవాళ్లు ఈ ప్రశ్న చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, మద్యం రక్తంలోకి చాలా త్వరగా ఎక్కుతుంది. మునుపు మూడు పెగ్గులు తట్టుకున్నవాడు ఒక్కదానికే తూలతాడు. రెండో ఏడాది నుంచి మద్యం వ్యసనంగా మారేవాళ్ల సంఖ్య పెరుగుతుందని అమెరికా పరిశోధనల్లో తేలింది. తిండి ఇచ్చే ఊరట పోయాక మనసు ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. ఇప్పటికే అదుపు లేకపోతే ముందు దానికి వైద్యం చేయించుకోండి.

ఎవరు ఆగడం మంచిది?

గర్భిణులు, మద్యం గానీ మత్తుపదార్థాలు గానీ వదలలేనివాళ్లు, డిప్రెషన్‌కు ఇంకా వైద్యం మొదలుపెట్టనివాళ్లు, అర్ధరాత్రి లేచి ఆపుకోలేక తినే జబ్బు ఉన్నవాళ్లు. వీళ్లకు ఎప్పటికీ వద్దని కాదు, అది కుదుటపడ్డాక. ఏడాదికోసారి పరీక్షలకు వెళ్లే వీల్లేనివాళ్లు కూడా మరోసారి ఆలోచించాలి. మొగుడు పోరుతున్నాడనో, అత్తగారు దెప్పుతున్నారనో వచ్చేవాళ్లను నేనైతే వెనక్కి పంపిస్తాను.

ఖర్చెంత? ఇన్సూరెన్స్ వస్తుందా?

హైదరాబాద్, విజయవాడ ప్రైవేటు ఆసుపత్రుల్లో సుమారు రెండున్నర నుంచి అయిదు లక్షల మధ్య వినిపిస్తుంది. నాకు 3 లక్షల 40 వేలు అయింది, గాజులు బ్యాంకులో పెట్టాను. విటమిన్లు, పౌడర్లు, ఏటా పరీక్షలు ఆ ప్యాకేజీలో ఉండవు.

అప్పట్లో నా పాలసీలో ఊబకాయానికి వైద్యం లేదని ఒకే వాక్యం రాసి తిప్పి పంపారు. ఇప్పుడు దీనికి ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ పెట్టిన పద్ధతి ఉంది. 18 ఏళ్లు నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గక విఫలమై ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), అదుపులో లేని టైప్-2 షుగర్ లాంటివి ఉండాలి. ఇక్కడే చిక్కు. సర్జన్ 33 చాలంటారు, ఇన్సూరెన్స్ 35 అంటుంది. మధ్యలో ఉన్నవాళ్లు సొంత డబ్బే పెట్టుకోవాలి. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొన్నాళ్లు ఆగాలనే షరతు) కూడా ఉంటుంది, పాలసీ కాగితం చదవండి. డైటీషియన్ చీటీలు, పాత బరువుల రికార్డు పారేయకండి, క్లెయిమ్‌కు అవే సాక్ష్యం.

సర్జన్‌ను ఏమడగాలి?

ఇలాంటివి ఎన్ని చేశారు, అందులో నాకు చెప్తున్న రకం ఎన్ని? లీక్ అయితే రాత్రిపూట ఎవరు చూస్తారు? ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష చేస్తారా? డైటీషియన్, మానసిక వైద్యులు మీ టీమ్‌లో ఉన్నారా? అయిదేళ్ల క్రితం చేయించుకున్న ఒకరితో మాట్లాడించగలరా? నెల క్రితం చేయించుకున్నవాళ్లంతా సంతోషంగానే ఉంటారు, వాళ్లను అడిగి లాభం లేదు.

నేను మొదట వెళ్లిన చోట డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి కలిసింది. నా షుగర్ ఎంతని అడగలేదు. "మేడం, శుక్రవారం స్లాట్ ఖాళీగా ఉంది, ఈ నెలలో చేరితే నలభై వేలు తగ్గిస్తాం" అంది. చీరల షాపులో ఆషాఢం సేల్ గుర్తొచ్చింది. కారు పార్కింగ్ టికెట్ డబ్బులు కట్టి బయటికొచ్చేశాను. రెండోచోట మూడు నెలలు తిప్పారు. అప్పుడు విసుగొచ్చింది కానీ, మత్తు ఇచ్చే ముందే నా గురకకు మెషీన్ పెట్టించింది వాళ్లే.

మళ్ళీ అవకాశం వస్తే చేయించుకుంటారా?

చేయించుకుంటాను. బైపాస్ అయ్యుంటే బాగుండేదని రాత్రి మంట ఎగదన్నినప్పుడల్లా అనిపిస్తుంది. పదేళ్ల ముందే, షుగర్ రాకముందే వెళ్లుంటే బాగుండేదని కూడా అనుకున్నాను కానీ, అప్పుడు నన్ను నేను ఇంత గట్టిగా పట్టుకోగలిగేదాన్నో లేదో. ఇప్పుడు రెండో అంతస్తు క్లాసు నాకే వేశారు, మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. పోయినసారి పరీక్షల్లో ఐరన్ తగ్గింది, మాత్ర పెంచారు. ఈ ఆదివారం పరగడుపున వెళ్లి మళ్ళీ రక్తం ఇవ్వాలి.